మోతి మందుల లెక్క

మా ఇల్లు సోలాపూర్ పూర్వ భాగంలో ఒక చాళ్‌లో ఉంది. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న అరుగు. అందులో నాయనమ్మ, బాపు, అమ్మ, నేను, తమ్ముడు ఉంటాం. బాపు టవళ్ళ కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. అమ్మ బీడీలు చేస్తుంది. అరుగు మీద మోతి ఉంటుంది. మోతి మా కుక్క. గోధుమ రంగు, మెడ కింద తెల్ల మచ్చ. పోయిన ఏడు దసరా తర్వాత హైదరాబాద్ రోడ్డు మీద దాని తల్లి లారీ కింద పడి చచ్చిపోయింది. పిల్ల ఒక్కటే కాలువ పక్కన అరుస్తుంటే తమ్ముడు, నేను గోనెసంచిలో పెట్టుకొని తెచ్చాం. "రెండు రోజులే" అని బాపు అన్నాడు. ఆ రెండు రోజులు ఇంకా అయిపోలేదు.

ఈ ఏడు జూన్‌లో బడి తెరిచిన వారం, మోతి కుడి కన్ను మీద రూపాయి బిళ్ళంత చోట వెంట్రుకలు ఊడిపోయి కనబడ్డాయి. ఎక్కడో గీరుకుంది అనుకున్నాను. పది రోజులకు అలాంటివే మూతి పక్కన, ముందు కాళ్ళ మీద వచ్చాయి. జూన్ ఆఖరుకి కాళ్ళు ఎర్రగా అయ్యి, చిన్న చిన్న చీము పొక్కులు లేచాయి. ఒక రకమైన పుల్లటి వాసన. రాత్రంతా గోక్కుంటుంటే దాని కాలు అరుగు రాయికి తగిలి టక్ టక్ అని చప్పుడు. పొద్దున నాలుగు గంటలకు లేచి బీడీలకు కూర్చునే అమ్మకి ఆ చప్పుడుతో నిద్ర ఉండేది కాదు.

ఇక్కడి నుంచి నేను చేసిన తప్పులు చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు.

మొదట నాయనమ్మ వేపాకు, పసుపు నూరి రాసింది. దానివల్ల నష్టమేమీ కాలేదు, లాభమూ కాలేదు. తర్వాత నేను కిరాణా దుకాణంలో 75 రూపాయలకి ఒక ఘాటు వాసన సబ్బు కొని రుద్దాను. చర్మం ఇంకా ఎండిపోయి పగిలింది. అప్పుడు పక్కింటి కాకా, "కాలిన ఇంజన్ ఆయిల్ పుయ్యి బిడ్డా. రోడ్డు మీది కుక్కలకి అందరూ అదే పూస్తరు. పైస ఖర్చు లేదు" అన్నాడు. పైస ఖర్చు లేదన్న మాట నాకు బాగా నచ్చింది. మోటార్ గ్యారేజీలో అడిగితే ఒక సీసా నిండా నల్ల నూనె ఊరికే ఇచ్చారు. బడికి పోయే ముందు మోతి కాళ్ళకీ పొట్టకీ పూసి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి మోతి తలుపు వెనక పడుకొని వణుకుతోంది. పొద్దంతా నూనె నాకి నాకి నాలుగుసార్లు కక్కుకుందట. నాయనమ్మ శెనగపిండి చల్లి, నూనె పీల్చుకున్నాక గిన్నెలు తోమే సబ్బుతో కడుగుతోంది. నన్ను చూసి తిట్టలేదు. "నీకు పూస్తే నువ్వు నాకుతవా?" అని ఒక్క మాట అడిగింది. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి మోతి నీళ్ళు తప్ప ఏం ముట్టలేదు. రెండో రోజు లేచి రొట్టె తింది. మా అదృష్టం.

అయినా నాకు బుద్ధి రాలేదు. జూలైలో మెడికల్ దుకాణంలో "దురద, తామర" అని అడిగితే మనుషులకి రాసే క్రీం ట్యూబు ఇచ్చారు. 95 రూపాయలు. నా దగ్గర లేవు. అమ్మ వారం డబ్బులు బియ్యం డబ్బాలో పెడుతుంది. అందులోంచి తీశాను. అడగలేదు. క్రీం రాసిన నాలుగు రోజులు ఎరుపు తగ్గింది. నాకు ఎంత సంతోషమో! ట్యూబు అయిపోతే మళ్ళీ 95 తీసి ఇంకోటి కొన్నాను. దురద మాత్రలు 40 రూపాయలవి కూడా తెచ్చాను. మూడో వారానికి ఎరుపు మొత్తం తిరగబడింది. కాళ్ళ మీదున్న మచ్చలు వీపుకి, మెడకి ఎక్కాయి. పొక్కులు పగిలి రక్తం వచ్చింది. మోతి సగం ఒళ్ళు బోడి అయిపోయింది.

చాళ్‌లో వాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టారు. "అది గజ్జి. పిల్లలకి అంటుకుంటది" అన్నారు. నల్లా దగ్గర అమ్మతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. మా తమ్ముడికి అయిదేళ్ళు, మోతి మెడ పట్టుకొని పడుకుంటాడు. ఒక రోజు వాడి చేతి మీద దోమ కుట్టిన దద్దు చూసి బాపు భయపడ్డాడు. "వచ్చే సెలవు నాడు దీన్ని దూరంగా ఊరి బయట వదిలేసి వస్త" అన్నాడు. బాపు చెడ్డవాడు కాదు. కార్ఖానా నుంచి వచ్చేటప్పుడు పాలప్యాకెట్ అడుగున నాలుగు చుక్కలు మిగిల్చి మోతి గిన్నెలో వంపేది బాపే. కానీ ఒకవైపు కొడుకు, ఒకవైపు కుక్క.

ఆ రోజు రాత్రి నేను అమ్మకి డబ్బా సంగతి చెప్పేశాను. అమ్మ చేతిలో ఆకు కత్తిరించే కత్తెర ఆగిపోయింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "డబ్బులు పోయినందుకు కాదు. నాకు చెప్తే నేను వద్దంటననుకున్నవా?" అంది. నిజంగా అలాగే అనుకున్నాను. అమ్మే బాపుతో మాట్లాడింది. "వదిలేసే ముందు ఒక్కసారి సర్కారీ జనావరాల దవాఖానకి చూపించు. అంటుకునేదే అని డాక్టర్ అంటే అప్పుడు నీ ఇష్టం." బాపు సరే అన్నాడు. అమ్మ డబ్బాలోంచి 250 రూపాయలు లెక్కపెట్టి నా చేతిలోనే పెట్టింది. బాపు చేతిలో పెట్టలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

సెలవు నాడు పొద్దున్నే మోతిని తాడు కట్టి నడిపించుకుంటూ పోయాం. ఆటోవాళ్ళు కుక్కని చూసి ఆపలేదు. దవాఖానలో బర్రెలు, మేకలు, ఒక కోడిపుంజు ఉన్నాయి. వరుసలో మా వంతు రావడానికి గంట పట్టింది. డాక్టర్ మేడం మోతిని చూసి మరాఠీలో అడిగిన మొదటి ప్రశ్న, "ఇప్పటిదాకా ఏమేం పూశారు?" బాపు నా వైపు చూశాడు. అన్నీ చెప్పాను, ఇంజన్ ఆయిల్‌తో సహా. క్రీం పేరు చెప్పగానే మేడం తల ఊపారు. అందులో స్టెరాయిడ్ ఉంటుందట. స్టెరాయిడ్ దురదనూ ఎరుపునూ అణిచేస్తుంది కానీ ఒంట్లో రోగంతో పోరాడే శక్తిని కూడా అణిచేస్తుంది. అందుకే నాలుగు రోజులు బాగైనట్టు కనబడి తర్వాత అంతా పాకింది. నేను 190 రూపాయలు పెట్టి మోతి జబ్బుకే బలం ఇచ్చాను.

తర్వాత బాపు అడగాల్సింది అడిగాడు. "ఇది పిల్లలకి అంటుకుంటదా మేడం?"

"చూడకుండా చెప్పలేను" అన్నారు. ఒక బ్లేడు తీసుకొని, దాని మీద నూనె చుక్క వేసి, మోతి కాలి మీద చర్మాన్ని వేళ్ళతో నొక్కుతూ కొంచెం రక్తపు చుక్క కనబడేదాకా గీకారు. అది గాజు పలక మీద రాసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. రెండు నిమిషాలు చూసి, "నువ్వూ చూడు" అని నన్ను పిలిచారు. మా బడి ల్యాబ్‌లో ఉల్లిపొర తప్ప నేను ఇంకేం చూడలేదు. ఇందులో సన్నగా పొడుగ్గా ఏవో కదులుతున్నాయి. తల వైపు లావు, తోక వైపు సన్నం. తల వైపే ఎనిమిది పొట్టి కాళ్ళు. అచ్చం బీడీ ఆకారం.

వాటి పేరు డెమోడెక్స్. కంటికి కనబడనంత చిన్న పురుగులు, వెంట్రుక కుదుళ్ళలో ఉంటాయి. మేడం చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను. ఈ పురుగులు కొద్దిగా దాదాపు అన్ని కుక్కల ఒంటి మీదా ఉంటాయి. పుట్టిన మొదటి రోజుల్లో పాలు తాగేటప్పుడు తల్లి నుంచి పిల్లకి వస్తాయి. ఒంట్లో శక్తి ఉన్న కుక్క వాటిని పెరగనివ్వదు. చిన్న కుక్కకి, సరిగా తిండి లేని కుక్కకి ఆ శక్తి చాలకపోతే అవి వేలకు వేలు పెరుగుతాయి. వెంట్రుకలు ఊడతాయి. పుండైన చోట బాక్టీరియా చేరి చీము, వాసన, దురద మొదలవుతాయి. కుక్కలకు వచ్చే అసలు గజ్జి వేరే పురుగు వల్ల వస్తుంది. అది గుండ్రంగా ఉంటుంది, మనుషులకీ అంటుకొని దురద పెడుతుంది. గుండ్రటి మచ్చలు చేసే తామర కూడా అంటుకుంటుంది. కానీ ఇది మనుషులకి అంటుకోదు.

"మీ అబ్బాయి దీన్ని పట్టుకొని పడుకున్నా ఏం కాదు. కాకపోతే ముట్టుకున్నాక చేతులు కడుక్కోమనండి, పుండ్లలో చీము ఉంది కదా" అన్నారు మేడం. బాపు తాడు పట్టుకున్న చేతిని మార్చుకున్నాడు, అంతే. ఏమీ అనలేదు. ఇక ఊరి బయట వదిలే మాట మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత మందుల సంగతి. నెలకొకటి వేసే ఒక మాత్ర ఉందట, తొందరగా పని చేస్తుందట. ధర విన్నాక బాపు నేల చూశాడు. అమ్మ వారమంతా చేసిన బీడీల డబ్బు ఒక్క మాత్రకే పోతుంది. బాపు ఎక్కడా డబ్బు లేదని చెప్పడు. పెళ్ళిళ్ళలో కూడా అప్పు తెచ్చి చదివిస్తాడు. "సరే రాయండి" అనబోయాడు. నాకు బియ్యం డబ్బా గుర్తొచ్చింది. "మేడం, మా దగ్గర ఇవాళ 250 రూపాయలే ఉన్నాయి. వారానికి వంద దాకా పెట్టగలం" అని మరాఠీలో చెప్పేశాను. చెవులు వేడెక్కాయి. వెనక బర్రె తెచ్చిన ముసలాయన కూడా విన్నాడు.

మేడం నవ్వలేదు, కోప్పడలేదు. "ముందే చెప్పాల్సింది. అయితే వేరే దారి ఉంది, కాకపోతే టైం పడుతుంది, మధ్యలో మానకూడదు" అని కాగితం తిప్పి మళ్ళీ రాశారు. బాపుని తక్కెడ మీద ముందు మోతిని ఎత్తుకొని, తర్వాత ఒట్టిగా నిలబెట్టారు. 64 లోంచి 52 తీసేస్తే మోతి 12 కిలోలు. బరువు చూసి పురుగుల సూది ఇచ్చారు, వారానికోసారి దవాఖానలోనే వేస్తామన్నారు. ఇలాంటి సూదే బర్రెలకి వేసేది మందుల దుకాణంలో దొరుకుతుందని, దాన్ని సొంతంగా కుక్కకి వేసి చంపుకున్నవాళ్ళు ఉన్నారని చెప్పారు. కొన్ని జాతి కుక్కలకైతే ఆ మందు అసలు పడదట. చీముకి యాంటీబయాటిక్ గోలీలు కంపెనీ పేరుతో కాకుండా మందు పేరుతో రాసి, జన్ ఔషధి దుకాణంలో అడగమన్నారు. "షాంపూ ఈ వారం వద్దు, వచ్చే వారం కొనండి. ముందు గోలీలు ముఖ్యం" అని వరుస చెప్పారు.

కేస్ పేపర్‌కీ పరీక్షకీ కలిపి 30 రూపాయలు. గోలీలు పూటకొకటి, రోజుకి రెండు, 21 రోజులకి 42. ఒక్కోటి 5 రూపాయల లెక్కన 210. పది రూపాయలు మిగిలాయి. ఆ పదితో బాపు నాకు చాయ్ తాగించాడు, తను తాగలేదు.

ఇంటికొచ్చి పురుగు ఆకారం చెప్తే అమ్మ నవ్వింది. "నేను చేసేవీ బీడీలే, దీనికి పట్టినవీ బీడీలేనా!" చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో మోతి గురించి నవ్వారు.

పని అప్పుడే మొదలైంది. గోలీ జొన్నరొట్టె ముక్కలో పెడితే మోతి రొట్టె తిని గోలీ ఊసేది. బెల్లం ముద్దలో పెడితే మింగింది. అయిదో రోజుకే వాసన పోయింది. గోలీలు ఆపేద్దామని నాకు అనిపించింది, మిగిలినవి దాచుకోవచ్చు కదా అని. కానీ పైకి తగ్గినా లోపల బాక్టీరియా ఉంటుంది, సగంలో ఆపితే మళ్ళీ లేస్తుంది అని మేడం చెప్పింది గుర్తొచ్చి 42 గోలీలూ వేశాం. క్యాలెండర్ మీద నేను రోజుకి రెండు గీతలు గీసేదాన్ని.

షాంపూ 380 రూపాయలు. వారానికి రెండుసార్లు. నురగ పెట్టాక పది నిమిషాలు ఉంచి కడగాలి, లేకపోతే మందు పనిచేయదు. మా వైపు నల్లా నీళ్ళు రోజూ రావు. అందుకని మోతికి ఒక్కసారికి ఒక్క బకెట్ అని అమ్మ కట్టు పెట్టింది. రెండు చెంబులతో తడపడం, మిగిలిందంతా కడగడానికి. పది నిమిషాలు తమ్ముడు మోతి మూతి పట్టుకొని ఎక్కాలు చెప్పేవాడు. ఇప్పుడు వాడికి ఏడో ఎక్కం దాకా వచ్చు. తుడవడానికి బాపు కార్ఖానాలో అంచు తప్పిపోయి తీసేసిన టవల్ ముక్కలు అడిగి తెచ్చాడు. టవళ్ళ అట్టపెట్టె కోసి మెడ చుట్టూ పెద్ద కాలర్ చేశాం, పుండ్లు నాకకుండా. దాన్ని పెట్టుకొని మోతి గుమ్మానికి గుద్దుకుంటూ తిరిగేది. మొదటి రోజు దానికి కోపం వచ్చి నాయనమ్మ మంచం కింద నుంచి బయటికి రాలేదు.

వారం వారం సూదికి 10 రూపాయలు. బడి ఉన్న రోజు పడితే నాయనమ్మే నడిపించుకుంటూ తీసుకుపోయింది. మూడో వారానికి కొత్త పొక్కులు ఆగిపోయాయి. రాఖీ పున్నమి నాడు మార్కండేయ స్వామి రథం చూడటానికి అందరం పోయి రాత్రి తిరిగొచ్చాం. మోతి అరుగు మీద నిద్రపోతోంది. తమ్ముడు దాని కాలు మీద చెయ్యి పెట్టి, "అక్కా, గుచ్చుకుంటోంది" అన్నాడు. చూస్తే బోడి చర్మం మీద సన్నగా గరుకుగా కొత్త వెంట్రుకలు. బాపు కూడా వంగి చేత్తో నిమిరి చూశాడు.

ఎనిమిదో వారం మళ్ళీ గీకి చూశారు. కదలని పురుగులు రెండు మాత్రం కనబడ్డాయి. పదో వారం ఏమీ కనబడలేదు. కానీ జబ్బు పోయిందని ఒక్క పరీక్షతో నమ్మకూడదట. నెల తర్వాత ఇంకోసారి చూసి, అప్పుడు కూడా ఏమీ లేకపోతేనే పోయినట్టు. ఈ బలహీనత పిల్లలకీ రావచ్చు కాబట్టి మోతికి పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించమన్నారు. అది వచ్చే నెల లెక్క.

ఇప్పటిదాకా లెక్క ఇది. మొదటి రోజు 30, తర్వాత తొమ్మిది వారాలకి 90, గోలీలు 210, షాంపూ సీసాలు రెండు 760. మొత్తం 1,090 రూపాయలు. పది వారాలకి పంచితే వారానికి 109. దానికి ముందు నేను ఎవరినీ అడగకుండా పెట్టింది 75, 190, 40, మొత్తం 305 రూపాయలు. ఆ 305తో మోతికి జబ్బు పెరిగింది. 30 రూపాయల పరీక్షతో దాని పేరు తెలిసింది. పేరు తెలియని జబ్బుకి మందు కొనకూడదని నాకు ఇప్పుడు తెలుసు. లెక్కల నోట్‌బుక్ చివరి పేజీలో ఈ లెక్క రాసి అమ్మకి చూపించాను. అమ్మ మన బడిలోనే ఏడో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి కూడి చూసి, "సరిగ్గనే ఉంది" అంది.

స్నేహితులారా, మీ ఇంట్లో కుక్కకో మేకకో ఇలా అయితే కాలిన నూనె, ఫినాయిల్, కిరసనాయిల్ పూయకండి, అవి దాన్ని నాకుతాయి. మనుషుల క్రీంలు రాయకండి. ముందు సర్కారీ దవాఖానకి తీసుకుపోయి గీకి చూడమని అడగండి. మీ దగ్గర ఎంత డబ్బు ఉందో సిగ్గుపడకుండా చెప్పండి. నేను ఆ మాట ఇంట్లో జూన్‌లోనే చెప్పి ఉంటే మోతి జూలై నెలంతా అంత బాధ పడేది కాదు.

నేను ఇది రాస్తుంటే మోతి అరుగు మీద ఉంది. మెడకి కాలర్ లేదు. ఇప్పుడే కాలు ఎత్తి చెవి గోక్కుంది. అమ్మ బీడీలు చుట్టడం ఆపి చూసింది, నేనూ పెన్ను ఆపి చూశాను. ఒక్కసారే గోక్కొని మళ్ళీ పడుకుంది. అన్ని కుక్కలూ గోక్కున్నట్టే.